ముప్పై ఒకటో అరకి ఆకు మడిచిన సంగతి

పెద్దూరిలో మేస్త్రి మూలం రాసే అయ్యలకి, అమ్మలకి గుంటపేట రద్దు గుమాస్తా గవరయ్య దణ్ణాలు.

ముందే ఒక మాట. నా దస్తూరీ బాగుండదు. కోడి గెలికినట్టుంటుందని మా బడి పంతులమ్మ అనేది. ఇప్పుడు మా గుంటపేటలో చిన్నపిల్లలు అసలు కోడినే చూడలేదు కాబట్టి అదెంత పెద్ద తిట్టో వాళ్ళకి తెలియదు. అది నా అదృష్టం. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పెట్టాలో నాకెప్పుడూ అనుమానమే. అనుమానం వచ్చిన చోట చిన్నగా పెట్టాను, మీకు తోచినట్టు చదువుకోండి. ఐదో తరగతి దాకా చదివాను. ఆరో తరగతి గదిని ఆ ఏడు ఉల్లి సాగుకి ఇచ్చేశారు.

రద్దు గుమాస్తా లాగ్ చేత్తోనే రాయాలని రూలు. మేస్త్రి చెరపలేని చోట ఒక మాట ఉండాలట. ఇరవై ఒక్క రోజుల పేజీలు ఫొటోలు తీసి పంపుతున్నాను. ఎందుకు పంపుతున్నానో చివర ఉంటుంది. ముందే చెబితే మీరు చివరిదాకా చదవరని భయం.

మీరు రాసిన దాన్ని మీకే చెప్పడం ఎబ్బెట్టుగానే ఉంది. కానీ నాకు అర్థమైనట్టు చెబితేనే నా తప్పు ఎక్కడుందో మీకు దొరుకుతుంది. మీరు కెర్నెల్ అంటారు, మాకు నోరు తిరగదు, మేస్త్రి అంటాం. గాలి, నీళ్ళు, దీపాలు అన్నీ దాని చేతిలోవే. ఏ పని ఎప్పుడు చెయ్యాలో గోడ మీద పెద్ద పలకలో వరసగా ఉంటుంది. ఒక్కో లైనూ ఒక టైమరు: ఇన్నింటికి, ఫలానా అరలో, అంటే గదిలో, ఫలానా పని. వేళ అయ్యేసరికి మేస్త్రి ఆ లైను పలక మీంచి తీసి ఒక బండికి ఇస్తుంది. బండి వెళ్ళి పని చేసి "అయింది" అంటుంది. ఎవరికైనా ఆ పని వద్దనుకుంటే నా దగ్గరికి వస్తారు. నేను పలక ముందు నిలబడి "రద్దు" అంటాను. నా గొంతుకే అది పలుకుతుంది.

నలభై ఏళ్ళు పంపుల దగ్గర పని చేశాక, మనుషులతో మాట్లాడక్కర్లేని ఉద్యోగమని ఇది అడిగి తీసుకున్నాను. రోజుకి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటా సరిగ్గా అనలేకపోయాను అన్నదే ఈ లాగ్.

ఒకటో రోజు

ఓడ వచ్చింది. పోలమ్మ గుడ్లు వచ్చాయి. అరవై.

పోలమ్మ ముప్పై ఒకటో అరలో గుడ్లు పొదిగించబోయే మనిషి. నలభై ఏళ్ళుంటాయి, నోరు పెద్దది, చెయ్యి దానికంటే పెద్దది. మా కోళ్ళన్నీ తొమ్మిదేళ్ళ కిందట జ్వరంతో పోయాయి. మళ్ళీ కోడి జాతి పెట్టాలని ఆమె పంతం. ఈ ఓడలో పెద్దూరి నుంచి ఆమె చెల్లెలు రావాలి. ఒక్క సీటే ఉంది. గుడ్ల పెట్టెకి వెచ్చగా, కుదుపు లేకుండా ఒక సీటు కావాలి. చెల్లెలు దిగిపోయి పెట్టెని కూర్చోబెట్టింది. మళ్ళీ ఓడ నాలుగేళ్ళకి.

ముప్పై ఒకటో అర చాలాకాలంగా ఖాళీ. బూజు పట్టకుండా రెండు వందల గంటలకి ఒకసారి బండి వచ్చి వేడి ఆవిరి పడుతుంది. పొద్దున్న పోలమ్మ వచ్చింది.

"తాతా, ఆ ఆవిరేదో ఆపీ. పిల్లలు పుట్టే గది అది."

పలక ముందు నిలబడి అన్నాను: "ముప్పై ఒకటి, ఆవిరి, రద్దు."

మేస్త్రి అంది: "వరసలో లేదు."

వరసలో లేకపోతే ఇంక రద్దు చేసేదేముంది అనుకున్నాను. అడక్కుండానే పని అయిపోయిందని సంతోషించాను కూడా. పోలమ్మకి తల ఊపాను. ఆమె మొదటి అట్ట లోపల పెట్టి, రెండో అట్ట తేవడానికి బయటికి వచ్చింది. అంతే. సందులోంచి బండి వచ్చి, తలుపు తోసుకుని లోపలికి పోయి ఆవిరి వదిలింది.

లైను వరసలో లేనిది టైమరు లేక కాదు. వేళ అయిపోయి, లైను బండి చేతికి వెళ్ళిపోయి, బండి అప్పటికే దారిలో ఉండి. ఇంత చిన్న సంగతి డెబ్బై మూడేళ్ళ మనిషికి తట్టలేదు.

పన్నెండు గుడ్లు ఉడికిపోయాయి.

పోలమ్మ గాజు కిటికీలోంచి ఒక్కో గుడ్డూ లెక్కపెట్టింది. తర్వాత అంది: "పొట్టు ఒలిసీయండి, పారీడం ఎందుకు." తొమ్మిదేళ్ళ తర్వాత గుంటపేటలో గుడ్డు. అందరికీ చిన్న చిన్న ముక్కలు పంచారు. నాకు మాత్రం ఒకటి మొత్తంగా ఇచ్చారు, ముసలివాణ్ణని. వద్దనలేకపోయాను. బాగుంది. ఇది రాయకపోతే లాగ్ అబద్ధమవుతుంది.

ఒకటో రోజే, తర్వాత

ముక్కలు పంచింది బండి ఇంకా లోపల ఉండగానే. అది నేను పైన సరిగ్గా రాయలేదు. బండి గోడలకి ఆవిరి పడుతూ ఉంది, మేము బయట తింటున్నాం. ఉడికిన అట్టని దాని వెనకనుంచి సింహాచలం పొడుగు గరిటెతో లాగాడు. సింహాచలం మా వంటవాడు.

ఇంతలో ఇనస్పెక్టరు దమయంతమ్మ వచ్చింది. ఆమె ఎవరి మీదా అరవదు. అరిస్తే బాగుండునని అనిపించేలా మాట్లాడుతుంది.

"గవరయ్యగారూ, రద్దు చేసేటప్పుడు అర తాళంచెవి మీ చేతిలో ఉంచుకోవాలని రూలు. ఎవరూ లోపలికి వెళ్ళకుండా. ఉందా?"

లేదు. తలుపు పక్కన మేకుకే ఉంది. తీసి చేత్తో పట్టుకున్నాను. ఈసారి తప్పు చెయ్యకూడదని గట్టిగా అనుకున్నాను. బండి "అయింది" అనేదాకా తాళంచెవి వదలకుండా తలుపు ముందే నిలబడతాను. అప్పుడే మిగతా గుడ్లు లోపలికి.

నిలబడ్డాను. లోపల ఆవిరి సన్నబడింది. బండి మెల్లగా తలుపు దగ్గరికి వచ్చి ఆగింది. తాబేలంత ఉంటుంది, ఒక పచ్చ దీపం. గాజు ఇటు నేను, అటు అది. అది నన్ను చూస్తోంది. నేను దాన్ని చూస్తున్నాను. పాపం ఏదో పని మిగిలినట్టుంది, తొందరపెట్టకూడదు అనుకున్నాను. అడిగితే బాగుండేది కానీ మొదటి నుంచీ నాకు అడిగే అలవాటు లేదు. బండికి అసలు నోరే లేదు, ఆ ఒక్క మాట తప్ప. మాట్లాడటంలో మేమిద్దరం ఒకే బడిలో చదివాం.

మూడు గంటలు.

పోలమ్మ పెట్టె మీద తన దుప్పటి, దాని మీద సింహాచలం దుప్పటి కప్పి సందులో కూర్చుంది. మా సందులు చల్లగా ఉంటాయి. చివరికి లేచి వచ్చింది.

"ఏటి తాతా, పెళ్ళిసూపులా? ఇద్దరూ అలగ సూసుకుంటన్నారు, ఒకరూ పెదవి ఇప్పరు?"

"అయింది అనాలి కదమ్మా అది."

"ఎందుకన్లేదు?"

"తెల్దు."

ఆమె కిటికీకి మొహం ఆనించి చూసింది. "తాతా, అది గోడకేసి సూపిస్తన్నాది. ఆ ఆవిరి మీటకి కన్నం ఉంది సూడు. కన్నంలో ఏటెడతారు?"

చూశాను. మీట మూయాలంటే తాళంచెవి కావాలి. అర మొత్తానికి తాళంచెవి ఒకటే. అది నా చేతిలో ఉంది.

నేను బండి పని ముగిస్తే తాళంచెవి వదులుతానని నిలబడ్డాను. అది తాళంచెవి ఇస్తే పని ముగిస్తానని నిలబడింది. పోలమ్మ రాకపోతే నాలుగేళ్ళకి ఓడ వచ్చేదాకా అలాగే ఉండేవాళ్ళం. ఇద్దరికీ ఓపిక ఎక్కువ.

తాళంచెవి మేకుకి తగిలించాను. బండి చెయ్యి చాపి తీసుకుంది, మీట మూసింది, తాళంచెవి తిరిగి మేకుకి పెట్టింది, "అయింది" అంది. నాకంటే మర్యాద తెలిసిన యంత్రం.

గుడ్లు లోపలికి వెళ్ళాయి. నలభై ఎనిమిది.

మూడో రోజు

పదహారో అరకి నీళ్ళు పెట్టమని పలక మీద కొత్త లైను రాశాను. గంట రాశాను, అర రాశాను, పని రాయడం మర్చిపోయాను. మేస్త్రి కసరలేదు, తిప్పి అడగలేదు. పని లేని లైనుని ఊరికే చెత్తలో పడేసింది. పదహారో అరవాళ్ళు సాయంత్రం దాకా బిందెలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళకీ ఓపిక ఎక్కువే.

ఎనిమిదో రోజు

పోలమ్మ ఒక్కో గుడ్డునీ దీపానికి అడ్డం పెట్టి నాకు చూపించింది. లోపల ఎర్రగా, సన్నగా దారాల్లాగా నరాలు. మధ్యలో చుక్క. ఆ చుక్క కొట్టుకుంటోంది.

ఏడు గుడ్లలో ఏమీ లేదు. మూడు గంటలు సందులో ఉన్నప్పుడు పైవరసలో ఉన్నవి అవే. ఆమె ఆ ఏడూ ఏరింది. వాటిని పక్కన పెట్టి, నా భుజం తట్టింది. తిట్టి ఉంటే నేను ఇంటికి వెళ్ళి పడుకునేవాణ్ణి. తట్టింది కాబట్టి పలక దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

నలభై ఒకటి.

తొమ్మిదో రోజు

పలక చదువుతున్నాను. వేరే పని లేదు. మధ్యలో కనపడింది: ముప్పై ఒకటి, ఆవిరి, ఇరవై నిమిషాల్లో.

లేచి నిలబడ్డాను. "రద్దు" అన్నాను. మేస్త్రికి వినపడలేదు. మళ్ళీ అన్నాను.

"రద్దయింది."

కూర్చుని ఆలోచించాను. ఎవరు రాశారు? బండే. ఒకటో రోజు పని ముగించగానే, "అయింది" అనేముందు, వచ్చేసారికి కొత్త లైను తనే రాసిపెట్టుకుంది. దాని పనిలో అదీ ఒక భాగం. నేను దానికి ముందే రద్దు చెప్పేసి చేతులు దులుపుకున్నాను. అది అంతకంటే ఆఖర్న రాసుకుంది. గెలిచింది.

ఇప్పుడు బండి బయటికి రాకముందే చెరిపాను కాబట్టి ఇంక రాసేవాళ్ళు లేరు. ఈసారి నిజంగా అయిపోయింది.

ఇది రాసి సిరా ఆరకముందే అదే లైను మళ్ళీ పలక మీద కనపడింది. గంటలో.

పదో రోజు

అరలో చెమ్మ చూసే కన్ను ఒకటుంది. గుడ్లకి చెమ్మ ఉండాలని పోలమ్మ గిన్నెల్లో నీళ్ళు పెట్టింది. కన్ను చెమ్మ చూస్తుంది, బూజు వస్తుందనుకుంటుంది, పలక మీద ఆవిరి లైను లేకపోతే అర చీటీలో ఉన్న పనిని చూసి తనే రాస్తుంది, గంట వ్యవధితో. ఆ చీటీ పలక పక్కన గోడలో ఉంటుంది, బండి కూడా దాన్ని చూసే రాస్తుంది. నేను చెరిపితే మళ్ళీ రాస్తుంది. దానికి విసుగు లేదు.

"కంటికి గుడ్డ కట్టీండి," అంది పోలమ్మ.

"కన్ను మూస్తే అర పాడైందనుకుని మేస్త్రి గాలి ఆపేస్తుంది," అంది దమయంతమ్మ.

"గిన్నెలు తీసీమంటారా?"

"తీస్తే గుడ్లు ఎండిపోతాయి కదా, పోలమ్మా."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

కాబట్టి గంట గంటకీ రద్దు. నా గొంతుకే పలుకుతుంది కదా. మంచం తెచ్చి పలక కింద వేశారు.

పదకొండో రోజు

ఇరవై నాలుగు రద్దులు.

పన్నెండో రోజు

ఇరవై నాలుగు. సింహాచలం నా చెవి దగ్గర పళ్ళెం మోగించే డ్యూటీ తీసుకున్నాడు. తెగ ఆనందిస్తున్నాడు.

పదిహేనో రోజు

ఇరవై నాలుగు రద్దులు, ఒక తప్పు. నిద్రలో ముప్పై ఒకటి బదులు పదకొండు, ఆవిరి బదులు దీపాలు అన్నాను. పదకొండో అర బడి. దీపాలు ఆర్పే టైమరు రద్దయి పిల్లలు రెండు గంటలు ఎక్కువ చదివారు. వాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు. తేడా ఏమీ లేదు, నేనూ మాట్లాడను.

పద్దెనిమిదో రోజు

ఇది పెద్దగా రాయాలి.

దమయంతమ్మ మనవరాలికి బారసాల. పక్కనే పంపుల హాల్లో భోజనాలు. నేను రానన్నాను. "గంట టైముంది కదా, ఇప్పుడే రద్దు చెప్పి రండి, నలభై నిమిషాల్లో తిని వెళ్ళిపోవచ్చు," అంది ఆమె. ఇనస్పెక్టరుకి ఎదురు చెప్పేంత మాట నా దగ్గర లేదు. వెళ్ళాను.

బంతిలో కూర్చున్నాం, ముప్పై తొమ్మిది మందిమి. మా ఆకులు నాచుపిండితో నొక్కినవి, అయినా ఆకులే అంటాం. మీ దగ్గర ఎలాగో తెలియదు. మా దగ్గర బంతిలో చివరి మనిషి తినేదాకా ఎవరూ లేవకూడదు. లేస్తే అవతలివాడి నోటిముందు కూడు లాగినట్టు.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక కష్టం ఉంది. వడ్డించేవాడికి చాలని చెప్పలేను. లోపల చెబుతాను, బయటికి వచ్చేసరికి గరిటె ఒంపేస్తాడు. సింహాచలం పులుసన్నం పట్టుకొచ్చాడు.

"చాలు," అన్నాను.

"ఏటన్నావు తాతా?" అన్నాడు. ఒంపేశాడు.

మళ్ళీ వచ్చాడు. ఈసారి చెయ్యి అడ్డం పెట్టాను. అప్పటికే గరిటె వాలింది. అన్నం చేతి మీద పడింది. గరిటె వాలాక చాలు అన్నా ఒకటే, అనకపోయినా ఒకటే. అది పడి తీరుతుంది.

చెయ్యి ఊదుకుంటూ ఎలాగో తిన్నాను. అతను మూడోసారి వస్తున్నాడు. ఎప్పుడూ చేసే పనే చేశాను. ఆకు మడిచేశాను.

సింహాచలం వచ్చాడు. గరిటె ఎత్తాడు. ఒంపడానికి చోటు లేదు. ఏమీ అనకుండా పక్క మనిషి దగ్గరికి వెళ్ళిపోయాడు.

నేను ఆ మడిచిన ఆకుని చూస్తూ ఉండిపోయాను.

చాలు అనడం రద్దు. గంటకోసారి, రోజుకి ఇరవై నాలుగు సార్లు, ఈ పిరికి గొంతుతో నేను చాలు అంటున్నాను. కన్ను మళ్ళీ వడ్డిస్తోంది. ఆకు మడిచేస్తే? అర చీటీలో "పని" అన్న చోట ఉన్నది చెరిపేస్తే? కన్ను రాసుకోనీ, బండి రాసుకోనీ, ఎవరు రాసినా పని లేని లైనే రాస్తారు. పని లేని లైనుని మేస్త్రి ఊరికే చెత్తలో వేస్తుంది. పదహారో అరవాళ్ళు బిందెలతో నిలబడింది ఇందుకే అన్నమాట. నా తప్పుల్లో ఒకటి పనికొచ్చింది.

లేవబోయాను. లేవలేదు. బంతి చివర గంగులు ఇంకా తింటున్నాడు. గంగులుకి ఎనభై నాలుగు, పళ్ళు లేవు. మజ్జిగన్నం ఒక్కో ముద్దనీ నోట్లో తిప్పుతాడు. అందరూ కూర్చుని ఉన్నారు. నేనొక్కణ్ణీ ఎలా లేస్తాను? గడియారం చూశాను. యాభై నిమిషాలు. గంగులు మజ్జిగ అడిగాడు. యాభై ఐదు. గంగులు ఉప్పు అడిగాడు. పోలమ్మ నా వైపు చూస్తోంది, నా మొహం రంగు మారిందని తర్వాత చెప్పింది.

గంగులు లేచాడు. పరిగెత్తాను. నా పరుగు మీరు చూడకపోవడమే మంచిది. ఆకు పక్కనున్న చెంచా ఎందుకో చేతిలోనే ఉండిపోయింది.

"ముప్పై ఒకటి, ఆవిరి, రద్దు."

"వరసలో లేదు."

ఒకటో రోజు ఈ మాట విని సంతోషించాను. ఈసారి దాని అర్థం తెలుసు. బండి బయల్దేరింది. ఆవిరి గది నుంచి ముప్పై ఒకటికి పన్నెండు నిమిషాలు. బయల్దేరిన బండిని వెనక్కి పిలిచే మాట మీరు దానికి నేర్పలేదు.

ముందు గుడ్లా, ముందు చీటీయా? గుడ్లు బయటికి తీసి, బండి పోయాక లోపల పెట్టి, ఇంతలో బండో కన్నో మళ్ళీ లైను రాసేస్తే? ముందు ఆకు. చీటీ మీద రేకు ఉంది. "మూలం రాసేవారు తప్ప తెరవరాదు" అని మీరే రాశారు. చెంచాతో మరలు తిప్పాను. దమయంతమ్మ వెనక నిలబడి ఉంది.

"గవరయ్యగారూ, ఏం చేస్తున్నారు?"

"తప్పు పనమ్మా."

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. చాలాసేపు తుడిచింది. నేను "పని" గడిలో ఉన్న "ఆవిరి" చెరిపేశాను.

తర్వాత జరిగింది నాకే నమ్మకం లేదు, పోలమ్మ సాక్ష్యం. నేను అరిచానట. సందు సందంతా వినపడేలా.

"ఎవరూ ఎల్లకండి! బంతికి కూకోండి! మళ్ళీ బంతికి!"

చేతులు కడుక్కుంటున్నవాళ్ళు అలాగే నిలబడిపోయారు. నా గొంతు అంత ఉంటుందని వాళ్ళకి తెలియదు. నాకూ తెలియదు.

"ఎందుకేటి?" అన్నాడు గంగులు. "పాయసం ఉందా?"

పోలమ్మకి మాత్రం ఒక్క క్షణంలో అర్థమైంది. అర లోపలికి పోయి అట్టలు అందించింది. సందులో గోడ వారగా అందరూ కూర్చున్నారు. ఒక్కొక్కరికీ ఒక గుడ్డు. చొక్కాల్లో, చంకల్లో, కొంగుల్లో, పొత్తికడుపుకి ఆనించి. పోలమ్మ పోగా, వడ్డించిన సింహాచలంతో కలిపి ముప్పై తొమ్మిది మందికి ముప్పై తొమ్మిది. మిగిలిన రెండూ పోలమ్మ తన రవికలో పెట్టుకుంది.

"గట్టిగా పట్టీకండి, పగిలిపోతాది. వొదులుగా పట్టీకండి, సల్లారిపోతాది," అంటూ వరస పొడుగునా తిరిగింది.

"ఏదోటి సెప్పు పిల్లా," అన్నాడు గంగులు.

దమయంతమ్మ అలవాటుకొద్దీ మేకు మీద తాళంచెవి తీసి పట్టుకుని కూర్చోబోయింది. ఆమెకి నేను ఇంతవరకూ ఎదురు చెప్పలేదు.

"తాళంచెవి మేకుకి పెట్టీండమ్మా. దానికి కావాలి."

పెట్టింది.

బండి వచ్చింది. మా ముందునుంచే, మా కాళ్ళు తప్పించుకుంటూ, పచ్చ దీపంతో వెళ్ళింది. నలభై ఒక్క గుడ్లు చంకలో పెట్టుకుని ఒక ఊరు దాన్ని చూస్తోంది. అది మాకేసి చూడలేదు. ఖాళీ అరలోకి పోయి ఆవిరి పట్టింది. దాన్ని ఆపాలని ఎవరూ చూడలేదు. గరిటె వాలిపోయింది, పడనివ్వాలి, అంతే.

"ఎంతసేపు?" సింహాచలం గుసగుసగా అడిగాడు.

"అయింది అనేదాకా."

"ఆపైన?"

"అర సల్లారేదాకా. బంతి కదా. ఎవరూ లేవకూడదు."

లేవలేదు. ఒకరికి ముక్కు దురద వచ్చింది, పక్కవాళ్ళు గోకారు. గంగులు తన గుడ్డుతో ఏదో మాట్లాడుతున్నాడు, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. "లోన తన్నుతన్నాది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అందరూ తమ తమ గుడ్లు చెవి దగ్గర పెట్టుకున్నారు.

బండి చెయ్యి చాపి తాళంచెవి తీసుకుంది. మీట మూసింది. తాళంచెవి మేకుకి పెట్టింది. వచ్చేసారికి లైను రాయబోయింది. నేను మెడ చాచి పలకకేసి చూశాను. లైను కనపడలేదు. కన్ను కూడా రాసే ఉంటుంది. కనపడలేదు.

"అయింది," అంది బండి.

పోలమ్మ నా పక్కన కూలబడింది. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, రవిక మీద రెండు చేతులూ ఉన్నాయి. "తాతా, మా సెల్లి సీటు దక్కినాది," అంది.

నా చంకలో గుడ్డు వెచ్చగా ఉంది. ఆ పూటకి మాటలు అయిపోయాయి.

పందొమ్మిదో రోజు

సున్నా రద్దులు. పద్నాలుగు గంటలు నిద్రపోయాను. సింహాచలం అలవాటుగా వచ్చి పళ్ళెం మోగించి వెళ్ళాడు.

ఇరవై ఒకటో రోజు

ముప్పై నాలుగు పిల్లలు. ఏడు పొదగలేదు, ఎందుకో పోలమ్మకీ తెలియదు. గంగులు పట్టుకున్నది మొదట పగిలింది. అతను ఊరంతా తిరిగి అది తన పిల్లే అని చెబుతున్నాడు.

ఇప్పుడు మీకు ఎందుకు రాస్తున్నానో చెప్పాలి.

ఒకటి. నేను మీ రేకు చెంచాతో తెరిచాను. తప్పే. దమయంతమ్మ రిపోర్టులో "ఆ సమయాన కళ్ళజోడు లేదు" అని రాసింది. శిక్ష ఏదైనా ఉంటే నాకే వెయ్యండి, ఆమె కళ్ళు మంచివే. కానీ నా తర్వాత వచ్చే గుమాస్తాకి చెంచా అక్కర్లేకుండా, "ఆకు మడువు" అనే మాట మేస్త్రికి నేర్పండి. ఆ మాట అన్నాక ఎవరు రాసినా లైను పడకూడదు. దారిలో ఉన్న బండి "అయింది" అనేదాకా మేస్త్రి కూడా మాతోపాటు ఆగాలి, మధ్యలో "వరసలో లేదు" అని చెప్పి తప్పుకోకూడదు. ఆగే మనిషి తాళంచెవి పట్టుకుని ఆగకూడదని కూడా రాయండి. పెద్ద అక్షరాల్లో రాయండి. నాలాంటివాళ్ళు చదువుతారు.

రెండు. ఇది తొందర. ఆకు మడవడమైతే కనిపెట్టాను కానీ, కొత్త ఆకు వెయ్యడం ఎలాగో నాకు తెలియదు. "ఆవిరి" అని మళ్ళీ చీటీలో రాసి చూశాను. మేస్త్రి పలకలేదు. ముప్పై నాలుగు పిల్లలు ఒక గదిలో తిని, తాగి, తక్కిన పనులన్నీ అక్కడే చేశాయి. పోలమ్మ వాటిని ఇరవయ్యో అరకి మార్చి, "తాతా, ఆవిరెట్టించీ, ముక్కు పోతన్నాది," అంది. మూడు వారాలు ఆవిరి ఆపమని నా ప్రాణం తీసిన మనిషే. ఏం చెప్పను? తల ఊపాను.

ఇప్పుడే ఒక పిల్ల ఈ పేజీ మీదుగా నడిచింది. కింద అడ్డంగా ఉన్న గీతలు దానివి, పైన ఉన్నవి నావి. పోలమ్మకి రెండూ ఒకేలా కనిపిస్తున్నాయట. మా పంతులమ్మ ఉంటే బాగుండును, ఆవిడ మాట నిజమేనని ఊరంతటికీ తెలిసింది.

ఉత్తరం అందగానే జవాబు రాయండి. పిల్లలు రోజురోజుకీ పెద్దవవుతున్నాయి. వాసనా అంతే.

ఇట్లు,
గవరయ్య, రద్దు గుమాస్తా, గుంటపేట